శుక్రవారం డబ్బా

శుక్రవారం వచ్చిందంటే కమూనా వంటింట్లోంచి కైమా ఉండల డబ్బా ఒకటి మాయమైపోతోంది.

పారిస్‌లో బెల్విల్ పేట వాళ్ళకు కమూనా హోటలు కొత్త కాదు. అటు చైనావాళ్ళ కిరాణా కొట్టు, ఇటు అల్జీరియా వాళ్ళ రొట్టెల దుకాణం, మధ్యలో కమూనా వండే ట్యూనిస్ యూదుల వంట. యూదుల ఆహార నియమాలు పాటించే కోషర్ హోటలు కాబట్టి మడీ ఆచారం తప్పకూడదు. పొయ్యి వెలిగించడం దగ్గర్నుంచి ఆకుకూరల్లో పురుగులు వెతకడం దాకా అన్నీ మతం తరఫున తనిఖీ చేసే నతాఫ్ గారు దగ్గరుండి చూసుకోవాలి. ఆయన గడ్డం నిమురుకుని తలూపితేనే పేటలో యూదులు కంచం ముందు కూర్చుంటారు. ఆయన మాటంటే అంత గురి.

ఆ శుక్రవారం పొద్దున్నే కమూనా ఆయన్ని పక్కకు పిలిచింది.

"నతాఫ్ గారూ, పాలకూరలో దోమ కాలున్నా మీ కళ్ళు వదలవు. ఇంత దొంగతనం జరుగుతుంటే కనబడదా? ఇవాళ ఆ డబ్బా వెంటే ఉండండి. తింటున్నదెవరో నాకు తెలియాలి."

"ఎవరి మీదైనా అనుమానమా, అమ్మా?"

"అనుమానపడ్డం నా వంతు. చూడ్డం మీ వంతు."

నతాఫ్ గారి అనుమానం మాత్రం గిన్నెలు కడిగే డెంబా మీదకు పోయింది. మాలీ నుంచి వచ్చిన మనిషి, బాగా పొడగరి, ఆకలి కూడా అందుకు తగ్గట్టే ఉండొచ్చు. మెల్లగా కదిపి చూశారు.

"ఏమోయ్, ఈ కైమా ఉండలు నీకు ఇష్టమేనా?"

"వాటిలో కారమేదండీ?" అన్నాడు డెంబా తలెత్తకుండానే. "మా ఊళ్ళో అయితే పళ్ళు రాని పిల్లలకు పెడతారు."

మధ్యాహ్నం రద్దీ తగ్గింది. నతాఫ్ గారు ఉల్లిపాయల బస్తాల వెనక నక్కి కూర్చున్నారు. కాసేపటికి లోపలికి వచ్చినవాడిని చూసి నివ్వెరపోయారు. కమూనా మొగుడు విక్టర్! పిల్లిలా అటూ ఇటూ చూసి, డబ్బాను కోటులోకి తోసి, వెనక తలుపులోంచి జారుకున్నాడు.

నతాఫ్ గారు సంతలో కూరగాయల బండ్లు తప్పించుకుంటూ వెంటపడ్డారు. నాలుగు సందులవతల ఒక పాత ఇంటి మెట్ల మీద విక్టర్ దొరికాడు. ఒళ్ళో డబ్బా తెరిచి ఉంది.

"సొంత హోటల్లో దొంగతనమేమిటయ్యా?"

"మెల్లగా నతాఫ్ గారూ! ఇది నా కోసం కాదు. పైన బిషీ బావగారికి."

"మరి నీ నోట్లో ఉన్నదేమిటి?"

"మెట్లెక్కడానికి ఓపిక కావద్దూ?" అని గబుక్కున మింగాడు విక్టర్.

బిషీ కమూనాకు స్వయానా అన్న. ఏనాడో హోటలు నిండా జనం ఉండగా ఒక ఉండ కొరికి, "అమ్మ చేసినట్టు లేవే" అన్నాడు. కమూనా గరిట ఎత్తి గుమ్మం చూపించింది. నీ చేతి వంట మళ్ళీ ముట్టుకోనని ఆయన ఒట్టేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు భార్య పోయింది, మోకాళ్ళు అరిగాయి, ఒంటరి గదిలో రొట్టె ముక్కలతో కాలక్షేపం.

"మా ఆవిడకు తెలిస్తే డబ్బాతోపాటు నన్నూ విసిరేస్తుంది. బావగారికి తెలిస్తే ముద్ద ముట్టడు. మీరు చూడలేదనుకోండి" అంటూ విక్టర్ డబ్బా ముందుకు చాపాడు. "ఒకటి వేసుకోండి."

నతాఫ్ గారు వద్దనబోయారు. ఈలోగా వేడి వేడి జీలకర్ర వాసన ముక్కుకు తగిలింది. ఒకటి తీసుకున్నారు. దేవుడికి స్తోత్రం చెప్పుకోవడం మాత్రం మరవలేదు. రెండోదానికి విడిగా చెప్పుకోనక్కర్లేదు గదా. పై అంతస్తుకు చేరేసరికి డబ్బా బాగా తేలికైంది.

బిషీ కర్ర ఊతంతో తలుపు తీశాడు. ఒక ఉండ నోట్లో పెట్టుకున్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇదయ్యా మా అమ్మ చేతి రుచి! ఏ హోటలోగానీ విక్టర్, మా చెల్లెల్ని అక్కడికి పంపి నేర్పించాలి. కాకపోతే వాడెవడో పిసినారిలా ఉన్నాడు, డబ్బా ఎప్పుడూ వెలితే."

విక్టర్ ఇంటికప్పు కేసి చూశాడు. నతాఫ్ గారు గడ్డం తుడుచుకున్నారు.

తిరిగి వస్తూ నతాఫ్ గారు దారంతా ఆలోచించారు. నిజం చెబితే ఆ ముసలాయన నోటి దగ్గర కూడు పోతుంది. చెప్పకపోతే నింద డెంబా మీద పడుతుంది. అబద్ధమాడితే, ఇన్నేళ్ళుగా తన మాట నమ్మి తింటున్న పేట ఏమైపోవాలి?

కమూనా గరిట పట్టుకుని ఎదురుచూస్తోంది.

"దొరికాడా?"

సబ్బు నీళ్ళలో డెంబా చేతులు ఆగిపోయాయి. గుమ్మంలో విక్టర్ మొహం పాలిపోయింది.

నతాఫ్ గారు కళ్ళు మూసుకున్నారు.

"దొరికాడమ్మా. తిన్నది నేనే. పోలీసులను పిలిచినా సరే, పనిలోంచి తీసేసినా సరే."

కమూనా నిర్ఘాంతపోయి స్టూలు మీద కూలబడింది.

"ప్రతి శుక్రవారం మా అన్న కోసం ఆ డబ్బా నింపి, వెనక తలుపు పక్కన పెట్టి, అటు తిరిగి నిలబడేది నేనేనండీ. అది సగమే చేరుతోందని వాళ్ళ పక్కింటావిడ చెబితే, దారిలో తింటున్నదెవరో చూడమన్నాను" అంది. "మా ఆయనొక్కడే అనుకున్నాను!"