మంజీర ఒడ్డు జవాను

హన్మవ్వ సచ్చిన కొడుకు బొంతను మంజీరల వేసింది.

అది పది బారల దూరం పోయిందో లేదో, దిగువన మోకాల్లోతు నీళ్లల్ల నిలబడ్డ మనిషొకడు కొంకికట్టెతో దాన్ని ఒడ్డుకు గుంజిండు.

హన్మవ్వ ఒడ్డెంబడి ఉరికింది.

వాంతులు, బేదుల గత్తర మూడు దినాలల్ల ఆమె మొగన్ని, కొడుకును తీసుకపోయింది. ఇంట్ల ఇంక బిడ్డ సాలవ్వ ఒక్కతే. సచ్చినోళ్ల బొంతలు ఏట్ల వేస్తే గత్తర పొలిమేర దాటిపోతదని ఊరి నమ్మిక. దాటిపోయేది మళ్ల ఒడ్డెక్కింది.

"ఎవ్వనివిరా నువ్వు? పోయేదాన్ని ఎందుకు గుంజినవ్?"

"ఏట్ల వేయొద్దక్కా. కిందోళ్లు ఈ నీళ్లే తాగుతరు. కాలుస్త."

"కాలుస్తవా? అమ్మోరి మీద అగ్గి పెడ్తవా?"

ఆయన అప్పటికే ఎండుకంప పేరుస్తున్నడు.

వారం కిందనే ఊర్ల డప్పు సాటిచ్చిన్రు. సర్కారు మంజీరను సాఫు చేయిస్తదట. ఏట్ల సచ్చినోళ్ల బట్టలు, పసుల పీనుగులు వేస్తే జుర్మానా అట. చూసెటందుకు జవాను వస్తడట.

"గీడే ఆ జవాను," అన్నడు పడవ నడిపే పోచన్న.

"కాళ్లకు చెప్పుల్లేవు, నెత్తికి రుమాలు లేదు. సర్కారుకు గూడ కరువొచ్చినట్టున్నది," అని నవ్విండు పెద్దరైతు లస్మయ్య.

ఆ మనిషి అవుననలేదు, కాదనలేదు.

ఆనాటి నుంచి ఎవలేం వేసినా గుంజిండు. బట్టలు, చాపలు కాల్చిండు. ఒకనాడు దూడ పీనుగ కొట్టుకొస్తే గుంత తవ్వి పూడ్చిండు.

ఊర్ల ఎవ్వలు ఇంత బువ్వ పెట్టలేదు.

"జీతం సర్కారుది, బువ్వ మాదా?" అన్నడు లస్మయ్య.

తెచ్చుకున్న రొట్టెలు ఒడిసినంక ఒడ్డు మీది గునుగాకు ఉడకేసుకొని తిన్నడు. ఇసుకల చెలిమె తవ్వుకొని ఆ నీళ్లు తాగిండు.

ఒకనాడు పోచన్న ఆయన కొంకికట్టెను మోకాలికేసి విరిచిండు.

తెల్లారి ఇంకోటి కోసుకొచ్చిండు.

ఎనిమిదో దినం హన్మవ్వ వాకిట్లకొచ్చి నిలబడ్డడు.

"ఇంత గటుక ఉంటే పెట్టు అక్కా."

"నా ఇంట్ల నీకు గటుకనా? గత్తరను ఒడ్డుకు తెచ్చినోనివి నువ్వే. నాకు ఒక్క బిడ్డె మిగిలిందిరా. దానికేమన్నయితే నా ఉసురు నీకు తాకుతది."

ఆయన లోపల కూసున్న సాలవ్వ దిక్కు శానసేపు చూసిండు.

"నీళ్లు కాచి తాపు అక్కా," అన్నడు. ఉత్త చేతులతోనే మర్లిపోయిండు.

ఏమనుకున్నదో ఏమో, హన్మవ్వ ఆ పూటనే నీళ్లు కాచింది.

పదమూడో దినం ఒడ్డు మీద పొగ లేవలేదు.

చెలిమె పక్కన ముడుచుకొని పడున్నడు. కండ్లు లోపలికి పోయినయి. నాలుక పిడచకట్టింది.

హన్మవ్వ ముంతల నీళ్లు పట్టుకొని నడిచింది. లస్మయ్య అడ్డమొచ్చిండు.

"గత్తర మనిషిని ముట్టి, ఇంటికి పోయి బిడ్డను ముడ్తవా?"

ఆమె ముంత కింద పెట్టింది. ముందుకు పోలేదు, ఇంటికీ పోలేదు.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి పానం పోయింది.

ఆ మాపటికే ఖాకీ బట్టల మనిషొకడు బండి దిగిండు. బండ్ల నీళ్లల్ల కలిపే ఎర్రమందు పెట్టెలున్నయి.

"కామారెడ్డి స్టేషన్‌ల మందు దిగేటాలకు ఆలిశమైంది. ఏట్ల ఎవలన్న ఏమన్న వేస్తున్నరా?"

"మీ జవాను వేయనిస్తెనే గద సాబ్," అన్నడు పోచన్న. "మిట్టపగటి దాక ఉండె. పోయిండు."

"ఏ జవాను? ఈ ఊరికి మొదలు వచ్చింది నేనే."

పోచన్న ఒడ్డు దిక్కు చెయ్యి చూపిండు.

ఖాకీ మనిషి పోయి, వంగి మొఖం చూసిండు. టోపీ తీసి చేతుల పట్టుకున్నడు.

"ఎవలు సాబ్?" అడిగింది హన్మవ్వ.

"కింది ఊరి స్వామిదాసు. మీ ఊరి ఒడ్డుకు జవానును తోలుండ్రని మా దఫ్తరుకు వచ్చిండు. పది దినాలు పడ్తదన్నం. 'ఇంట్ల నలుగురు పోయిన్రు సాబ్, ఒక్క బిడ్డె మిగిలింది, మీరొచ్చేదాక నేనే పోయి నిలవడ్త' అని లేచి పోయిండు."