ప్రణాళికకో పులస

“మీటింగ్ జరుగుతోందండి. ఇప్పుడు లోపలికి పంపకూడదు,” అంటూ మత్స్యశాఖ ఆఫీసు అటెండరు బుల్లియ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఆ మీటింగు కోసమే తెచ్చానండి బాబూ!” వెంకన్నకు ఒళ్లు మండిపోయింది. ఆటోలోంచి దింపిన డ్రమ్ములో పులస తిరుగుతోంది, కడుపునిండా గుడ్లతో. వలలోంచి తీస్తూనే చచ్చిపోయే చేప అది. ధవళేశ్వరం బ్యారేజీ దిగువన పట్టిన దాన్ని ప్రాణంతో ఇక్కడిదాకా తేవడానికి నానా తంటాలు పడ్డాడు. రేవులో కార్లాపి అడిగినవాళ్లకు అమ్మనందుకు పెళ్లాం చేత చివాట్లు కూడా తిన్నాడు.

“పులసా!” బుల్లియ్య మొహం విప్పారింది. “ముందే చెప్పొచ్చు కదండీ! వెళ్లి కూర్చోండి. దీని సంగతి నేను చూసుకుంటాను.”

హాల్లో పెద్దాఫీసరు లోకనాథ్ గారు జాలర్లకు తెర మీద బొమ్మలు చూపిస్తున్నారు. గోదావరిలో ఏటేటా తగ్గిపోతున్న పులసను మళ్లీ పెంచే ప్రణాళిక అది. నిధులు సిద్ధం, గుడ్లు పొదిగించే హేచరీ తొట్లు సిద్ధం.

“అయ్యా...” వెంకన్న లేచాడు.

“ప్రశ్నలు చివర్లో. కూర్చో.”

కూర్చున్నాడు. ఆ బొమ్మలు ఎంతకీ తరగవు. డ్రమ్ములో నీళ్లు వేడెక్కిపోతాయేమోనని ఇతని ప్రాణం కొట్టుకుంటోంది. మళ్లీ లేవబోతే పక్కవాడు చొక్కా పట్టుకుని లాగాడు.

“అన్నీ ఉన్నాయి!” లోకనాథ్ గారు బల్ల గుద్దారు. “గుడ్లతో ఉన్న పులసని ప్రాణంతో తెచ్చేవాడే లేడు. రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. మీ బతుకుల మీద మీకే శ్రద్ధ లేకపోతే నేనేం చెయ్యను?”

వెంకన్న ఇక ఆగలేకపోయాడు. “తెచ్చానండి! బయట డ్రమ్ములో ఉందండి! వట్టి వలలు లాగలేక చస్తున్నామండి, దాన్ని త్వరగా తొట్లో వేయించండి!”

హాలంతా ఒక్కసారి లేచింది. అందరికన్నా ముందు లోకనాథ్ గారే పరుగెత్తి వచ్చి మూత తీశారు. లోపల నీళ్లే ఉన్నాయి.

వెంకన్న మోచేతి దాకా ముంచి డ్రమ్మంతా కలియబెట్టాడు. బుల్లియ్య అతని చెవి దగ్గరకు వంగి, “మీకు ఏ పనుందో గానీ, ఇంక అయిపోయినట్టేనండి,” అన్నాడు సంతోషంగా.

అప్పుడే లోకనాథ్ గారి ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కారు.

“ఏవండీ, బుల్లియ్య తెచ్చిన పులసని కోయించేశాను. గుడ్లు విడిగా వేపమంటారా, పులుసులోనే వేసెయ్యమంటారా?”