రెండో ఉత్తరం

"చదువుత, ఇనుండ్రి," అంటూ రాజమౌళి జేబులోంచి కాగితం తీశాడు. పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్న నలభై మందీ మాటలు ఆపేశారు.

"సర్పంచ్ పోటీ నుంచి తప్పుకో. లేకపోతే శవం కూడా దొరకదు." చదివి, ఎర్ర సిరా అక్షరాలు అందరికీ కనబడేలా తిప్పి పట్టుకున్నాడు. "అన్నలు రాసిండ్రు. పదిరోజులాయె. నేను తప్పుకున్ననా?"

ఆ ఊరి నుంచి రెండేళ్లలో ఇద్దరు పోయారు. ఒకరిని దళం తీసుకెళ్లింది, ఒకరిని పోలీసులు.

రాజమౌళి సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసి, ఊరికి తిరిగొచ్చి పోటీలో నిలబడ్డాడు. "నేను గెలిస్తే బోరింగు కాడ అన్ని కులాలకు ఒక్కటే వరుస. గీ మెట్ల పక్కపొంటి వాలు బాట కట్టిస్త. సాయిలు పాకుకుంట ఎక్కుడు బంద్. పొద్దుమీకినంక ఏ ఆడామె అయినా భయం లేకుంట ఇల్లు చేరాలె."

పోలియో కాళ్ల సాయిలు మెట్ల కింద నుంచి నవ్వాడు. "మెట్లు నాకలవాటే అన్నా. నువ్వు బతికుండుడు సూడు."

ముసలి ఐలవ్వ లేచి రాజమౌళి తల నిమిరింది. "గుండె గల్లోనివి కొడుకా. నా ఓటు నీకే."

గన్‌మన్ జలపతి మాత్రం చెట్ల వైపే చూస్తున్నాడు. ఉత్తరం చూశాకే పోలీసులు అతన్ని కాపలాకి పంపారు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తూ సత్యవ్వ తలుపు సందులో మడిచిన కాగితం చూసింది. ఆమెకి చదువు రాదు. ఎర్ర సిరా మాత్రం తెలుసు. తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

రాజమౌళి చదివాడు. మళ్లీ చదివాడు. జేబులోంచి మొదటి కాగితం కూడా తీసి మంచం మీద కూర్చున్నాడు.

"ఏం రాసిండ్రు?"

"మొన్నటిదే. అవే మాటలు."

జలపతి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఒక్కటే చెయ్యి సార్. అక్షరాల వంపు గూడ గదే. కొత్త ముచ్చటేం లేదు. నడువుండ్రి, ప్రచారం జీపు అచ్చింది."

రాజమౌళి లేవలేదు. గన్‌మన్ వేళ్లు చూశాడు. గడప అవతల తన కోసం వచ్చి నిలబడ్డవాళ్ల కుడిచేతులు ఒక్కొక్కటే చూశాడు. అన్నీ తెలిసిన చేతులే. తన తలలో ఎవరో కూర్చుని తననే చదువుతున్నట్టు అనిపించింది.

"తలుపెయ్యి," అన్నాడు.

"మొదటిది అచ్చిననాడు కడుపు నిండ తిని పన్నవ్," అంది సత్యవ్వ. "రాత్రంత నేనే ఏడ్సిన. గిప్పుడేంది, తలుపెయ్యమంటున్నవ్?"

"పోటీల లేనని చెప్పు. అందరికి చెప్పు."

"ఐలవ్వకేం చెప్పాలె? సాయిలుకు?"

అతను రెండు కాగితాలూ చేతిలోకి తీసుకున్నాడు. ఆమె కాగితాలు తీసుకోబోతే పిడికిలి బిగించాడు.

రెండో ఉత్తరం మాత్రం అతను రాసింది కాదు.