ఏదుపంది తవ్విన గుంటలు

చెట్లన్నీ కొట్టేయగా బోడిగా మిగిలిన ఒక గుట్ట మీద ఒక ముసలి ఏదుపంది ఉండేది. దానికి దుంపలంటే ప్రాణం. వాసన తగిలిన చోటల్లా తవ్వేది, దుంప దొరక్కపోతే గొణుక్కుంటూ ఇంకోచోట మొదలుపెట్టేది.

దాంతో గుట్టంతా గుంటలే. ఓ రోజు కుందేలు ఒక గుంటలో పడి కాలు బెణికించుకుంది.

"పిన్నీ, నీ తిండి యావ పాడుగాను! గుంటలైనా పూడ్చు, గుట్టయినా వదిలిపో," అంది ఏడుస్తూ.

ఏదుపందికి సిగ్గేసింది. "ఆకలి తల్లీ, ఏం చెయ్యను? రేపు పూడుస్తాలే," అంది.

పూడ్చేలోపే వాన పట్టుకుంది. ఎప్పుడూ మట్టిని ఊడ్చుకుని కిందికి పరిగెత్తే నీళ్ళు ఈసారి గుంటల్లో ఆగి, మెల్లగా నేలలోకి ఇంకిపోయాయి. గాలికి కొట్టుకొచ్చిన గింజలూ వాటిలోనే ఆగాయి. కొన్నాళ్ళకు గుంట గుంటకీ పచ్చగా మొలకలు లేచాయి. లేతగడ్డి రుచి చూసిన కుందేలు, "పూడ్చకు పిన్నీ, మా ఇంటి ముందు కూడా ఒకటి తవ్విపెట్టవా?" అని బతిమాలింది.

గుట్ట కింది ఊళ్ళో ఎండిపోయిన బావిలోకి నీళ్ళొచ్చాయి. ఎలా వచ్చాయా అని జనం గుట్టెక్కి చూశారు. మర్నాడు ఆడా మగా గడ్డపారలు పట్టుకొచ్చి, అచ్చం అలాంటి గుంటలే తవ్వసాగారు.

పొద చాటు నుంచి చూస్తున్న ఏదుపంది మనసు కరిగిపోయింది. "అయ్యో పాపం, ఇంతమంది తవ్వినా ఒక్క దుంపా దొరకలేదే!" అనుకుంది.

వాళ్ళు అన్నాలకు కూర్చోగానే, తను దాచుకున్న దుంపల్లో పెద్దది చూసి, ఒక గుంటలో పెట్టి వచ్చింది.