ముట్టని మేత

"ఐదు దినాల సంది మేత ముడుతలేదు," అన్నాడు విజేందర్, ఫోన్‌లో తీసిన చేప ఫొటో చూపిస్తూ.

నకిరేకల్ బస్టాండు దగ్గర రాజేందర్‌ది రంగుచేపల దుకాణం. మగ్గం వదిలి ఈ పనిలోకి వచ్చి ఆరేళ్లయింది. ఫొటో చూసి, నీళ్లు మార్చారా, వేరే మేత వేసి చూశారా అని అడిగాడు. అన్నీ చేశానన్నాడు విజేందర్. ఇన్నాళ్లూ మేత ఎవరు వేసేవారని అడిగితే, తన భార్య మల్లిక అని చెప్పి, వాళ్లమ్మకు బాగాలేక రామన్నపేట వెళ్లిందని అడగకుండానే కలిపాడు.

"ఎల్లిగడ్డ దంచి రసం పిండుండ్రి సార్. మేతను జరసేపు అందుల నానబెట్టి ఎయ్యుండ్రి. ఆ వాసనకు తింటది."

విజేందర్ ముఖం చిట్లించాడు. వేరే మందు ఇవ్వమన్నాడు. ముందు ఇది చూడమన్నాడు రాజేందర్.

చేప చచ్చిపోతే గ్లోరీకి ఏం చెప్పాలో విజేందర్‌కు తెలియదు. ఏడేళ్ల కూతురు. తల్లి వెళ్లినప్పటి నుంచి రెండు ముద్దలు తిని లేచిపోతోంది. బడి నుంచి రాగానే బ్యాగు భుజాన ఉండగానే గాజుతొట్టి ముందు కూర్చుంటోంది. మల్లిక పచ్చళ్ల కార్ఖానా నుంచి వచ్చీ రాగానే తల్లీకూతుళ్లు కలిసే మేత వేసేవారు. మల్లిక నీళ్లలో వేళ్లు పెడితే చేప వచ్చి పొడిచేది. గ్లోరీ పకపకా నవ్వేది. విజేందర్‌కు జూనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చి, ఆఫీసు వాళ్లను ఇంటికి భోజనానికి పిలిచిన రోజు దాకా అలాగే సాగింది. ఆ రోజు మల్లిక వడ్డిస్తుంటే ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ మర్నాడు మల్లిక రామన్నపేట బస్సెక్కింది.

ఇంట్లో వెల్లుల్లి లేదు. పక్కింటి నిర్మలమ్మను అడిగి నాలుగు రెబ్బలు తెచ్చుకున్నాడు. మల్లిక ఎప్పుడొస్తుందని ఆమె అడిగింది. వస్తుందన్నాడు. ఒలవడం అలవాటు లేక గోళ్లు నొప్పి పుట్టాయి. దంచి, గుడ్డలో పిండి, ఆ రసంలో మేత గింజలు నానబెట్టాడు. తొట్టి ముందు కూర్చున్న గ్లోరీ చూస్తుండగా రెండు గింజలు వేళ్ల మధ్య పట్టుకుని నీళ్లలోకి దించాడు.

చేప అడుగున కదలకుండా ఉంది. కాసేపటికి తోక ఆడించింది. మెల్లగా పైకి వచ్చి గింజలు మింగింది. అవి అయిపోయాక కూడా అతని వేళ్లను వదలకుండా పొడుస్తూనే ఉంది.

విజేందర్‌కు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"చూసినవా బిడ్డా, తిన్నది. ఇగ నువ్వు గూడ తినాలె."

గ్లోరీ నవ్వలేదు. తండ్రి చేతిని నీళ్లలోంచి తీసి, ముక్కుకు ఆనించుకుని, చాలాసేపు కళ్లు మూసుకుంది.

"గీ వాసనకే గదా బాపు, అమ్మను ఎల్లగొట్టినవు."