తలకు మర్యాద

"ఇందులోంచి ఏదో వాసన వస్తోందండీ. పాతదని చెప్పి కొత్తది అంటగడుతున్నారా?" అంటూ కామేశ్వరరావు ఆ జపాన్ శిరస్త్రాణాన్ని ముక్కు దగ్గర్నుంచి దూరం జరిపాడు.

రామాంజనేయులు తొణకలేదు. కొత్తగూడలో పాత సామాన్ల దుకాణం నడిపేవాడికి కొనేవాడి అనుమానం కూడా పెట్టుబడే. కామేశ్వరరావు కొండాపూర్‌లో జపాన్ వంటల హోటల్ తెరుస్తున్నాడు. గోడకు పెట్టడానికి ఇలాంటివి కావాలి. ఈ బేరం తప్పితే ఆ ఇనుప టోపీ ఇంకో ఏడాది అల్మారాలోనే కూర్చుంటుంది.

"వాసన రావాల సార్. రాకుంటేనే అనుమానపడాల."

"అదేంటండీ?"

"ఆ కాలంలో వాళ్ల దేశానికి చక్రవర్తి పేరుకే. పెత్తనమంతా షోగన్‌ది. అంటే పెద్ద సేనాపతి. ఆయన కింద దొరలు, దొరల కింద కత్తి పట్టిన సమురాయ్‌లు. యుద్ధంలో ఫలానావాణ్ణి చంపినానని నోటితో చెబితే ఎవురూ నమ్మరు. తల తెచ్చి చూపాల. దొర కూర్చోని, ఒక్కో తలా చూసి, ఎవురిదో ఖాయం చేసుకున్నాకే బహుమానం."

"రసీదులాగానా?"

"రసీదే అనుకోండి. అందుకని కొందరు యుద్ధానికి పోయే ముందర దీంట్లో సుగంధం పొగ పట్టించేవాళ్లు. రేపు మన తల శత్రువు ముందర పెడితే కంపు కొట్టకూడదు గదా. తలకు మర్యాద."

"మరి గెలిచి వద్దామనుకునేవాళ్లు?"

"వాళ్లకెందుకు సార్ పొగ? తిరిగి రానని తెలిసినోడే పట్టిస్తాడు."

బయట వాన పెరిగింది. కామేశ్వరరావు శిరస్త్రాణాన్ని రెండు చేతులతో, నిద్రపోతున్న పిల్లవాణ్ణి దించినట్టు బల్ల మీద పెట్టాడు.

"అయితే దీన్ని పెట్టుకున్నాయన..."

"రాలేదు సార్. వచ్చింటే ఇది అమ్మకానికి ఎందుకొస్తాది?"

ఆ తరువాత బేరం లేదు. అట్టపెట్టె కారెక్కింది. కామేశ్వరరావు అద్దం దించి, "ఈ ఎదురుగా ఉన్న ఫ్లైఓవర్ ఎక్కితే జాగ్రత్తండీ. ఇందాక నా కళ్లముందే రెండు బైకులు జారిపడ్డాయి" అని చెప్పి వెళ్లిపోయాడు.

రామాంజనేయులు లోపలికొచ్చి తనలో తాను నవ్వుకున్నాడు. కథ నిజమే. వాసన మాత్రం తనది. రోజూ దుకాణం తెరవగానే ఆ శిరస్త్రాణం కింద సాంబ్రాణి కప్పు వెలిగించేవాడు. ఇదేమిటని భార్య పద్మావతి అడిగితే, "పూజ" అని తప్పించుకున్నాడు. వస్తువు ఎవడైనా అమ్ముతాడు, దాని కథ కూడా అమ్మితేనే వ్యాపారి.

అంతలో నవ్వు ఆగిపోయింది.

ఈరోజు తాను సాంబ్రాణి వెలిగించలేదు. పొద్దున భార్యను బండి మీద తెచ్చి దుకాణం దగ్గర దింపి, బండీ హెల్మెట్టూ ఇక్కడే వదిలి, సరుకు కోసం ట్రాలీ ఆటోలో మియాపూర్ వెళ్లాడు. కామేశ్వరరావు వచ్చేముందే తిరిగొచ్చాడు.

నిన్నటి వాసన మిగిలి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. లెక్క కుదరలేదు. శిరస్త్రాణం కారెక్కి వెళ్లిపోయింది. వాసన వెళ్లలేదు.

కుక్కలా గాలి పీల్చుకుంటూ వెతికాడు. ఇత్తడి గంటల దగ్గర లేదు, పాత గడియారాల దగ్గర లేదు. బల్ల చివర అతని బండి హెల్మెట్ ఉంది. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అదే పరిమళం. తీయగా, దట్టంగా.

హెల్మెట్ చేతిలోంచి జారి బల్ల మీద పడింది. తిరిగి రానని తెలిసినోడే... ఎవరో చెవిలో చెప్పినట్టయింది. ఆ గొంతు తనదే.

"ఏమయ్యా, ఇంకా పోలేదా? ఆ ఆఫీసు గేటు మూసేస్తారేమో!" వెనక గదిలో టీ గ్లాసులు కడుగుతూ పద్మావతి అరిచింది. హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఆఫీసు ఖాళీ చేస్తోంది. ఈ సాయంత్రం వెళ్లకపోతే ఆ సామానంతా ఇంకొకడి పాలు.

వెళ్లాలి. ఫ్లైఓవర్ మీదుగానే వెళ్లాలి. రామాంజనేయులు హెల్మెట్ వైపు చూశాడు. అది నోరు తెరుచుకుని అతని తల కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది.

జీవితమంతా బేరాలాడినవాడు ఇక్కడా ఒక బేరం పెట్టాడు. పెట్టుకున్నవాడే కదా తిరిగి రానిది? పెట్టుకోకపోతే?

ఈసారి లెక్క కుదిరింది. గుండె కాస్త కుదుటపడింది. ఉత్త తలతో వానలోకి నడిచి బండి తీశాడు.

పద్మావతి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చి, బల్ల మీద హెల్మెట్ చూసింది. దాన్ని పట్టుకుని గుమ్మంలోకి పరుగెత్తింది. బండి వెనక ఎర్రదీపం అప్పటికే ఫ్లైఓవర్ ఎక్కుతోంది.

"ఏమయ్యోవ్, హెల్మెట్ మర్చిపోయినావే! చెమట కంపని రోజూ అంటా ఉంటివని, పొద్దున నీ పూజ నేనే చేసి దీనికీ సాంబ్రాణి పట్టిస్తినే!"