శ్రీపతి అంకుల్ రాసిన పోస్టు

యూజ్‌నెట్ అనే పురాతన ఇంటర్నెట్ తపోవనంలోకి చెప్పులతో ప్రవేశించినందుకు సమస్త మహర్షులూ నన్ను క్షమించాలి.

మా నాంపల్లి ఇంటి ఓనరు నర్మదాంటీ కోసం వచ్చాను. చనిపోయిన ఆమె భర్త శ్రీపతి అంకుల్ ఒకప్పుడు ఆబిడ్స్ నెట్ సెంటర్‌లో కూర్చుని, పాటల గురించి జనం చర్చించుకునే న్యూస్‌గ్రూపులో ఏదో రాశారట. అది వినాలని ఆమె కోరిక.

సర్వర్‌కు కనెక్టయ్యాను, గ్రూపులో చేరాను, శీర్షికలు దించుకున్నాను. అంకుల్ పేరుతో "మా ఆవిడ పాట" కనబడగానే నొక్కి, పైకి చదివాను: "మా నర్మద పాడితే తిరిగే ఫ్యాను కూడా ఆగి వింటుంది."

"అయ్యో, నాకు పాడనే రాదు గద! లోకమంతటికి గిట్ల చెప్పిన్రా?" ఆంటీ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మల్ల చదువు బిడ్డా. గవే మాటలు."

మళ్లీ చదవడానికి తెర మీద ఏమీ లేదు. సర్వర్ శీర్షిక మాత్రం ఉంచి, లోపలి మాటలు ఎప్పుడో చెరిపేసింది. నేను చేసిందల్లా ఆ ఒక్క వాక్యం కల్పించడమే.